మంగు, మచ్చ, మందుల షాపు

ముఖం మీది మచ్చలను నెలా రెండు నెలల్లో పలచబరిచే పూతమందులు మెడికల్ షాపుల్లో చౌకగానే దొరుకుతాయి. అవి పనిచేయవని అంటే అబద్ధమే అవుతుంది. పనిచేస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది. మచ్చ పోయిందని ట్యూబు ఆపితే అది తిరిగొస్తుంది, ఈసారి ఎరుపునూ మంటనూ వెంటబెట్టుకుని. ఆపకపోతే చర్మం పల్చబడుతుంది. ఎండ నుంచి ముఖాన్ని కాపాడుకోవడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. మనవాళ్లు దాన్ని అన్నీ వాడి విసిగిపోయాక, చర్మ డాక్టరు కోప్పడితే మొదలుపెడతారు. ఈ వరస తిరగబడితే తప్ప డబ్బుకూ చర్మానికీ దండగే అన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే మచ్చల రకాల నుంచి మొదలుపెట్టాలి.

సంగారెడ్డి మండలంలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేటను బయటివాళ్లు భవానీమాత గుడితో గుర్తుపడతారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో బతుకుతెరువు కొంత పొలంలో, కొంత రోడ్డు మీద. నాట్లు, కలుపులు, పత్తి ఏరడాలు ఒకవైపు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు ఇంకోవైపు. బైకు మీద పోయినా, ఆటోలో పోయినా ముఖానికి ఎండ తగలకుండా పోదు. ఎండాకాలంలో ఈ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం అతినీలలోహిత సూచిక 11 దాటుతుంది. ఆ కొలమానంలో అది చిట్టచివరి మెట్టు, ‘తీవ్రాతితీవ్రం’ అని. మబ్బు పట్టిన రోజున ఎండ లేదనుకుంటాం గానీ, పల్చటి మబ్బులో నుంచి ఆ కిరణాలు చాలా భాగం కిందికి దిగుతూనే ఉంటాయి.

ఇప్పుడు రకాలు. ఐరోపా, అమెరికా సౌందర్య పుస్తకాల్లో మచ్చలంటే ముందు ఫ్రెకిల్సే. ముక్కు మీదా బుగ్గల మీదా నువ్వుగింజంత గోధుమరంగు చుక్కలు. చిన్నతనంలోనే మొదలవుతాయి, ఎండాకాలంలో ముదురుతాయి, చలికాలంలో వెలిసిపోతాయి. ఎర్రజుట్టు, పాలిపోయిన చాయ ఉన్నవాళ్లలో ఇవి ఎక్కువ. ఎంసీ1ఆర్ అనే జన్యువులోని తేడాలు దీనికి ప్రధాన కారణం. అక్కడ రంగుకణాల సంఖ్య పెరగదు, ఉన్న కణాలే ఎండకు రెచ్చిపోయి ఎక్కువ మెలనిన్ తయారుచేస్తాయి. నలభై దాటాక చేతుల మీదా చెంపల మీదా వచ్చే గోధుమ మచ్చలు వేరే. వాటిని లెంటిగోలంటారు, చలికాలం వచ్చినా అవి కదలవు. మనవాళ్లలో బాగా తెల్లగా ఉన్న కొందరిలో ఫ్రెకిల్స్ కనిపిస్తాయి, వాటికి వైద్యమంటూ అవసరం లేదు. అందం కోసం తీయించుకోవాలంటే లేజరు బాగానే పనిచేస్తుంది. ఎండలో తిరిగితే మళ్లీ వస్తాయి, అంతే.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ చుక్కలను తేలిగ్గా తీసుకోకూడదు. రెండు మూడేళ్లు కూడా నిండని పిల్లల ముఖం నిండా, చేతుల మీదా ఇలాంటి చుక్కలు దట్టంగా పుట్టుకొస్తుంటే, కాసేపు ఎండలో ఉంటేనే చర్మం కమిలిపోతుంటే, వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటుంటే అది జీరోడెర్మా పిగ్మెంటోసం కావచ్చు. ఎండ వల్ల దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేసుకునే శక్తి ఆ పిల్లల కణాలకు పుట్టుకతోనే ఉండదని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. పదేళ్లలోపే చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి మేనరికాల్లో దీని అవకాశం పెరుగుతుంది. మేనమామ కూతుర్నీ అక్క కూతుర్నీ చేసుకునే అలవాటు ఇంకా పూర్తిగా పోని మన సమాజంలో ఈ సంగతి ప్రతి అంగన్‌వాడీ కార్యకర్తకూ తెలిసి ఉండాలి. ఇలాంటి బిడ్డకు క్రీములు కాదు, చర్మ డాక్టరూ కంటి డాక్టరూ కావాలి.

మన ఊళ్లలో ఎక్కువమందిని వేధించేది ఫ్రెకిల్స్ కాదు, మంగు. డాక్టర్లు మెలాస్మా అంటారు. రెండు బుగ్గలు, నుదురు, పైపెదవి మీద దాదాపు ఒకే తీరులో పరుచుకునే గోధుమ లేదా బూడిద రంగు పట్టు. నొప్పి లేదు, దురద లేదు. మంగు పడితే శని పట్టిందనీ, లివర్ చెడిందనీ ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. నిజానికి దీని వెనక మూడు కలిసి ఉంటాయి: వంశంలో ఉండటం, హార్మోన్లు, ఎండ. గర్భంతో ఉన్నప్పుడు మొదలై కాన్పు తర్వాత కొందరిలో తగ్గేది, కొందరిలో తిష్ఠ వేసేది ఇదే. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతోనూ రావచ్చు. ఆశా కార్యకర్తలు ఇచ్చే మాలా-ఎన్ ఆ కోవలోదే. మంగు ముదురుతుంటే కాపర్-టి గానీ, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే దొరికే ఛాయ మాత్ర గానీ తనకు సరిపడతాయా అని ఏఎన్ఎంను అడగడం ఏ క్రీముకన్నా మంచి ఆరంభం. డాక్టరుతో మాట్లాడకుండా మాత్ర ఆపేసి, మూడు నెలల్లో మళ్లీ కడుపుతో ఉండటం మాత్రం దీనికి పరిష్కారం కాదు. ఆ కడుపే మంగును తిరిగి తెస్తుంది.

ఇది ఆడవాళ్ల జబ్బే అనుకుంటారు. 2010లో ఢిల్లీ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 200 మంది మెలాస్మా రోగుల్లో 41 మంది మగవాళ్లు. వాళ్లలో సగానికి దగ్గరగా ఎండే కారణంగా కనిపించింది. ముంబై హైవే మీద లారీలు తోలేవాళ్లను చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కిటికీ అద్దం అతినీల కిరణాల్లో ఒక రకాన్ని ఆపుతుంది, ఇంకో రకాన్ని వదిలేస్తుంది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన ఒక అమెరికన్ ముఖం ఎడమవైపు మాత్రమే ముడతలు పడి, దళసరిగా మారిన ఫొటోను 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అచ్చు వేసింది. అక్కడ డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు. మనకు కుడి పక్కన.

మంగులా కనిపించి మంగు కానివి కూడా ఉన్నాయి, వాటి మందు వేరు. చికున్‌గున్యా జ్వరం తగ్గాక కొందరికి ముక్కు చుట్టూ, బుగ్గల మీద నల్లటి చుక్కలు, పట్లు లేస్తాయి. 2005-06లో ఆంధ్రప్రదేశ్ అంతా ఆ జ్వరం పట్టి కూచున్నప్పుడు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చాలామందిలో కొన్ని నెలల్లో తనంతట తనే తగ్గుతుంది. జుట్టుకు వేసే నల్లరంగు నుదుటి అంచు నుంచి చెంపల దాకా నలుపును పరిచేస్తుంది. రంగు మానేస్తే తప్ప ఏ క్రీమూ పనిచేయదు. పసుపుతో చేసిన కుంకుమ కాకుండా కృత్రిమ రంగుల కుంకుమ పెట్టుకునేవాళ్లకు నుదుటి మీద నల్లటి మరక పడొచ్చు. స్టికర్ బొట్టు జిగురులోని రసాయనం అదే చోట తెల్లమచ్చ తెస్తుంది. ఆ ఒక్క బొట్టు చోటే తెల్లబడితే బొల్లి అని బెంబేలు పడే ముందు స్టికరు మానేసి చూడొచ్చు. తారు, పిచ్‌తో పనిచేసే కార్మికుల ముఖం ఎండ తగిలితే నల్లబడుతుందని వందేళ్ల కిందటే వైద్యులు రాశారు. రోడ్డు పనులకు తారు మరిగించేవాళ్లకు, ఫ్యాక్టరీలో కోల్‌తార్ ముట్టుకునేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఏ మందు వాడుతున్నప్పుడు మచ్చ మొదలైందో, ఏ పనిలో చేరాక వచ్చిందో గుర్తు చేసుకుంటే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

ఇక మొదటి మెట్టు, ఎండ. మొరాకోలో గర్భిణులతో చేసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. మూడు నెలలలోపు గర్భంతో ఉన్న రెండొందల మందికి బలమైన సన్‌స్క్రీన్ ఇచ్చి రోజూ రాసుకోమన్నారు. చివరిదాకా ఉన్న 185 మందిలో కొత్తగా మంగు వచ్చింది ఐదుగురికే, అంటే 2.7 శాతం. అంతకుముందు అదే ప్రాంతంలో సన్‌స్క్రీన్ లేని గర్భిణులను గమనించినప్పుడు సగానికి పైగా మంగు పడింది. పోల్చడానికి ఆ గర్భిణుల మధ్యనే లాటరీ వేసి రెండు గుంపులు చేయలేదు కాబట్టి దీన్ని కొంచెం తగ్గించి చదవాలి. అయినా ఈ రంగంలో ఇంత పెద్ద తేడా చూపించిన మందు మరొకటి లేదు.

అయితే సన్‌స్క్రీన్ అనగానే పల్లెలో లెక్క తప్పుతుంది. ట్యూబు మీద రాసే ఎస్‌పీఎఫ్ అంకె రావాలంటే ప్రతి చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాయాలి. ముఖానికీ మెడకూ కలిపి ఒక గ్రాము పైచిలుకే అవుతుంది, అంటే రెండు వేళ్ల పొడవునా పిండిన క్రీము. పొలంలో చెమట కారుతుంటే రెండు మూడు గంటలకు మళ్లీ రాయాలి. రోజుకు రెండుసార్లే రాసినా యాభై గ్రాముల ట్యూబు మూడు వారాలకు అయిపోతుంది. దినకూలీ మీద బతికే ఇంట్లో ఇది సాగే ఖర్చు కాదు. అందుకే చాలామంది బఠానీగింజంత తీసి ముఖమంతా పులుముకుంటారు. అప్పుడు ముప్పై అని రాసున్న క్రీము కూడా ముప్పైకి చాలా తక్కువే పనిచేస్తుంది.

కాబట్టి పొలానికి వెళ్లేవాళ్లకు గుడ్డే మొదటి సన్‌స్క్రీన్. ఇక్కడ మన అలవాటు కొంత మేలు చేస్తుంది, కొంత మోసం చేస్తుంది. పత్తి ఏరేటప్పుడు ఆడవాళ్లు కొంగు గానీ రుమాలు గానీ ముఖానికి చుట్టుకోవడం మంచిదే. కానీ తెల్లటి పల్చటి నూలుగుడ్డలోంచి అతినీల కిరణాలు సులువుగానే దిగుతాయి, తడిస్తే ఇంకా ఎక్కువ. నేత దట్టంగా, రంగు ముదురుగా ఉన్న గుడ్డ మేలు. పెద్ద అంచున్న టోపీ ఇంకా మేలు, చేతులు ఖాళీగా ఉంటాయి. నాట్లేసేవాళ్లు గొడుగు పట్టుకోలేరు, కానీ ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా ఒక దఫా, సాయంత్రం నాలుగు తర్వాత ఇంకో దఫా అని పని పంచుకున్న ముఠాలకు ఎండ సగం తగ్గుతుంది. మనిషి నీడ మనిషికన్నా పొట్టిగా ఉన్న వేళ ముఖం దాచుకోవాలన్నది ఏ యంత్రమూ అక్కర్లేని లెక్క. ఈ మాటలు చెప్పడం తేలిక. ముఠా మేస్త్రీ టైము మార్చకపోతే కూలీ ఒక్కతే ఏం చేయగలదు అన్న ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు.

డబ్బు పెట్టగలిగినవాళ్లకు ఒక చిట్కా. మంగును రెచ్చగొట్టేది అతినీల కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురులోని నీలిభాగం కూడా. గోధుమ, నల్ల చాయల చర్మంలో కనిపించే వెలుతురు చాలాకాలం నిలిచే నలుపును పుట్టిస్తుందని 2010లో తేలింది. మామూలు సన్‌స్క్రీన్లు దాన్ని ఆపవు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్లు ఆపుతాయి. 2014లో మెక్సికో వైద్యులు మంగు ఉన్న రోగులందరికీ ఒకే మందు ఇచ్చి, సగం మందికి మామూలు సన్‌స్క్రీన్, సగం మందికి ఐరన్ ఆక్సైడ్ ఉన్నది ఇచ్చారు. ఎనిమిది వారాలకు రెండో గుంపులోనే మచ్చ ఎక్కువ తగ్గింది. ఖరీదైన తెల్లటి జెల్ కొనేముందు లేబుల్ మీద ఆ పేరుందో లేదో చూసుకోవడం మంచిది.

ఇప్పుడు పూతమందుల కథ. ఇది ఫ్యాక్టరీ నుంచే మొదలైంది. 1930ల చివర అమెరికాలో తోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుల చేతులు, మణికట్లు తెల్లబడిపోవడం మొదలైంది. కారణం వాళ్ల రబ్బరు గ్లౌజులు. రబ్బరు పాడవకుండా కలిపిన, హైడ్రోక్వినోన్ నుంచి పుట్టిన ఒక రసాయనం చర్మంలోని రంగుకణాలను చంపేస్తోంది. ఆ ప్రమాదం నుంచే మచ్చలు చెరిపే మందు అనే ఆలోచనకు బలం వచ్చింది. హైడ్రోక్వినోన్ దాని కన్నా మృదువైన బంధువు. అది మామూలుగా కణాలను చంపదు, మెలనిన్ తయారయ్యే దారిలో టైరోసినేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. రబ్బరు గ్లౌజులు, జిగురుతో కూడిన చెప్పులు రోజూ వాడేవాళ్లు చేతులకో పాదాలకో అచ్చు గుద్దినట్టు తెల్లమచ్చలు కనిపిస్తే ఆ కథ ఇప్పటికీ గుర్తుంచుకోవాలి.

1975లో ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఐజక్ విల్లిస్ హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినోయిన్ 0.1 శాతం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం కలిపి ఒక క్రీము తయారుచేశారు. ట్రెటినోయిన్ పై పొరను త్వరగా రాల్చి మిగతావాటిని లోపలికి పంపుతుంది, స్టెరాయిడ్ దాని మంటను అణచివేస్తుంది. మూడూ కలిస్తే ఏ ఒక్కదాని కన్నా ఎక్కువ పనిచేస్తాయి. ఈ క్లిగ్‌మనే హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల చర్మం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చెడ్డపేరు తెచ్చుకున్న మనిషి కూడా. ఆయన సూత్రాన్ని తర్వాత మెత్తబరిచారు: హైడ్రోక్వినోన్ 4 శాతం, ట్రెటినోయిన్ 0.05 శాతం, బలహీనమైన ఫ్లూసినోలోన్ 0.01 శాతం. 2002లో అమెరికా ప్రభుత్వం దీన్ని ఎనిమిది వారాల దాకా వాడటానికి ఒప్పుకుంది. ఇప్పటికీ మంగుకు బాగా పరీక్షించిన పూతమందు ఇదే.

మన దేశంలో ఈ సూత్రం వికటించింది. ఫ్లూసినోలోన్ ఉన్నవాటితోపాటు, దాని స్థానంలో చాలా బలమైన మోమెటసోన్ పెట్టిన ట్యూబులు కూడా మార్కెట్‌లోకి వచ్చాయి, అవి డాక్టరు చీటీ లేకుండానే చేతులు మారాయి. ఎనిమిది వారాలకని పుట్టిన మందును ఎనిమిదేళ్లు రాసుకునేవాళ్లు తయారయ్యారు. రాసినంతకాలం ముఖం మెరుస్తుంది. ఆపిన వారంలో మండిపోతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, కొందరికి నూగు పెరుగుతుంది, చర్మం కింద ఎర్రటి సన్నటి నరాలు కనిపిస్తాయి. భారత చర్మవైద్యులు దీనికి ‘స్టెరాయిడ్ దెబ్బతిన్న ముఖం’ అని ప్రత్యేకంగా పేరే పెట్టుకోవాల్సి వచ్చింది. పలు నగరాల ఆస్పత్రుల్లో తీసి 2011లో ప్రచురించిన లెక్క ఇది: ముఖం మీది సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది, అంటే 14.8 శాతం, స్టెరాయిడ్ పూతలను ముఖానికి వాడుతున్నారు. చాలామందికి దాన్ని చెప్పింది డాక్టరు కాదు. పొరుగింటి వదిన, పార్లర్, మెడికల్ షాపు. గడ్డం గీసుకున్నాక రాసుకునేవాళ్లు కూడా అందులో ఉన్నారు.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్-హెచ్‌లోకి స్పష్టంగా చేర్చింది. కాగితం మీద నిర్ణయం సరైనదే. మందుల ముడిసరుకును లారీల కొద్దీ తయారుచేసే జిల్లాలో చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో ఈ ప్రాంతంలో ఉండేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఈ తప్పును షాపువాడి మీదనో, ఆర్‌ఎంపీ మీదనో నెట్టేసి ఊరుకోవడం కూడా సరి కాదు. మంగు అనగానే పెళ్లిచూపుల్లో అమ్మాయి మీద వచ్చే మాటలు, తెల్లబడితేనే విలువ అన్న పోరు ఆ ట్యూబును కొనిపిస్తున్నాయి. 1975లో మొదలైన ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది. ఇళ్లలోంచి ఆ మాట ఇంకా పోలేదు.

హైడ్రోక్వినోన్ గురించి ఇంకో మాట. ఏళ్ల తరబడి, ఎక్కువ శాతంలో రాస్తే ముఖం మీద నీలినలుపు పట్టు ఏర్పడుతుంది. దాన్ని ఓక్రోనోసిస్ అంటారు, తీయడం దాదాపు అసాధ్యం. దక్షిణాఫ్రికాలో 1975లో దీన్ని గుర్తించారు. నల్లవాళ్లకు అమ్మిన తెల్లబరిచే క్రీములతో అది ఎంత పాకిందంటే 1990లో హైడ్రోక్వినోన్‌ను సౌందర్య సాధనాల నుంచి నిషేధించారు. ఐరోపా కూడా 2001 నాటికి అదే చేసింది. అమెరికాలో 2020 దాకా షాపుల్లో విడిగా దొరికింది. దీన్నిబట్టి హైడ్రోక్వినోన్ విషమని అనను. డాక్టరు చూస్తుండగా, రెండు నుంచి నాలుగు నెలలు, ఆపి మళ్లీ కావాలంటే మొదలుపెట్టడం, ఇది దాని పద్ధతి. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు దీన్నీ ట్రెటినోయిన్‌నూ ముట్టకూడదు.

స్టెరాయిడ్ కన్నా భయపెట్టేది పాదరసం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో ఫ్రెకిల్ క్రీములంటే చాలావరకు పాదరసపు లవణాలే. ఇప్పటికీ పేరూ ఊరూ లేని డబ్బాల్లో, దేశం దాటి వచ్చే నైట్ క్రీముల్లో అది దొరుకుతోంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులు 2021 నుంచి 2023 మధ్య మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. అందులో 15 మందికి అరుదైన ఒకే తరహా జబ్బు ఉంది, ఆ 15 మందిలో 13 మంది అంతకుముందు ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లు. ముఖం మీద రాసిన క్రీము కిడ్నీలోకి వెళ్లింది. మినమాటా ఒప్పందం ప్రకారం, మన 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం క్రీముల్లో పాదరసం కలపకూడదు. తెలియక చేరినా పది లక్షల భాగాల్లో ఒక భాగం దాటకూడదు. తయారుచేసిన కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, చిరునామా లేని డబ్బాను ఎంత తెల్లబరిచినా వాడవద్దు. కాళ్లు వాచినా, మూత్రం నురగలు కట్టినా క్రీము సంగతి డాక్టరుకు దాచవద్దు.

పెద్ద కంపెనీ పేరు కూడా రక్షణ కాదని 2013లో జపాన్ చూసింది. కనేబో సంస్థ రోడోడెనాల్ కలిపిన తెల్లబరిచే క్రీములను ఆ ఏడాది జూలైలో వెనక్కి తీసుకుంది. పది వేల మందికి పైగా ముఖాల మీద, చేతుల మీద తెల్లమచ్చలు పడ్డాయని తర్వాత తేలింది. ఆ క్రీముకు అక్కడి ప్రభుత్వ అనుమతి ఉంది. మెలనిన్ తయారీని బలంగా అడ్డుకునే ఏ మందైనా ఒక్కోసారి ఆ కణాన్నే చంపుతుందన్న సంగతి తోళ్ల ఫ్యాక్టరీ నాటి నుంచీ మళ్లీ మళ్లీ బయటపడుతోంది.

మెత్తటి మందులు ఉన్నాయి, వాటికి సహనం కావాలి. అజెలాయిక్ ఆసిడ్ 20 శాతం క్రీమును నేను ముందుగా చెబుతాను. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా డాక్టర్లు ఇవ్వడానికి వెనకాడనిది. మూడు నాలుగు నెలలు రోజుకు రెండుసార్లు రాయాలి, మొదట కాస్త చురచుర ఉంటుంది. నియాసినమైడ్ అంతకన్నా మెల్లగా, కోజిక్ ఆసిడ్ కొందరికి దద్దుర్లు తెచ్చేలా, విటమిన్-సి కాస్తంత, ఇలా మిగతావన్నీ అదే వరసలో.

వంటింటి సంగతికి వస్తే, శనగపిండి, పెరుగు, పసుపు, ముల్తానీ మట్టి నలుగు పెట్టుకుంటే ముఖం శుభ్రమవుతుంది, మంగు తగ్గదు. దాంతో నష్టం లేదు కాబట్టి వదిలేద్దాం. నిమ్మరసం మాత్రం వద్దు. నిమ్మలో ఉండే సోరాలెన్లు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలి బొబ్బలు లేచి, అవి మానాక ఇంకా నల్లటి మచ్చ మిగులుతుంది. పులిపిరులకూ నల్లచుక్కలకూ సున్నం, సోడా పెట్టి కాల్చడం ఇంకో ఊరి వైద్యం, ముఖానికి అది శాశ్వతపు గుంట. ఆయుర్వేదం మంగును కొత్తగా చూడలేదు. సుశ్రుత సంహిత క్షుద్రరోగాల్లో వ్యంగం అని వర్ణించింది ఇదే కావచ్చు. కోపం, అలసట దానికి కారణాలని చెప్పింది. దానికి కుంకుమాది తైలం ఇప్పటికీ అమ్ముతున్నారు. కుంకుమపువ్వు ఖరీదు తెలిసినవాళ్లకు చౌక సీసాలో అదెంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

లోపలికి వేసుకునే మాత్రల్లో ట్రానెక్సామిక్ ఆసిడ్ ఒక్కటే పట్టించుకోదగింది. 1962లో జపాన్‌లో ఉటాకో, షోసుకే ఒకమోటో దంపతులు రక్తం ఆగడానికి కనిపెట్టిన మందు. నెలసరి ఎక్కువైతే మన డాక్టర్లు రాసే మాత్ర కూడా అదే. మంగు తగ్గుతుందని 1979లో జపాన్‌లోనే గమనించారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు మూడు నెలలు వేసుకున్నవాళ్లలో మచ్చ తీవ్రత 49 శాతం తగ్గింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 18 శాతం. ఆపాక కొంత తిరిగి వస్తుంది. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, గర్భనిరోధక మాత్ర వేసుకునేవాళ్లు సొంతంగా మొదలుపెడితే ప్రాణానికే ముప్పు. గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు పార్లర్ల పక్కన పెద్ద బోర్డులు పెట్టి అమ్ముతున్నా, తెల్లబడటానికి ఆ ఇంజెక్షన్ వాడకం గురించి ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2011లోనే హెచ్చరించింది. వేల రూపాయలు పోసి నరానికి ఎక్కించుకోదగిన ఆధారం దానికి లేదు.

పీల్స్, లేజర్ల సంగతి క్లుప్తంగా. గ్లైకాలిక్ ఆసిడ్ పీల్ మందులతో కలిపితే కొంత లాభం. సరిగ్గా చేయకపోతే మన చర్మంలో కాలిన చోటల్లా నలుపే మిగులుతుంది. ఎండాకాలంలో మొదలుపెట్టొద్దు, సంక్రాంతికి ముందే ముగించుకోవాలి. లేజరు ఫ్రెకిల్స్‌కూ లెంటిగోలకూ చక్కగా పనిచేస్తుందని మొదట్లో చెప్పాను. మంగుకు అదే లేజరు మూడు నెలలు మురిపించి, ఆ తర్వాత మచ్చను మునుపటికన్నా ముదురుగా తేవచ్చు. సంగారెడ్డిలో కానీ హైదరాబాద్‌లో కానీ ఎవరైనా ఆరు సిటింగుల ప్యాకేజీ చూపిస్తే, అది ఏ మచ్చకో, వుడ్స్ ల్యాంప్ వేసి చూశారో లేదో అడగాలి. మెలనిన్ పై పొరలో ఉంటే ఆ దీపం కింద మచ్చ అంచు స్పష్టంగా కనిపిస్తుంది, లోతులో ఉంటే కనిపించదు. లోతు మచ్చను ఏ మందూ పూర్తిగా పోగొట్టలేదు.

సంగారెడ్డికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో వచ్చింది. మెడికల్ కాలేజీలున్న సర్కారు ఆస్పత్రుల్లో చర్మ విభాగం ఓపీ చీటీకి పెద్ద ఖర్చు కాదు, కాకపోతే పొద్దున్నే వెళ్లాలి. స్టెరాయిడ్ ట్యూబు ఏళ్లుగా వాడుతున్నవాళ్ల చేత ఒక్కసారిగా ఆపించకుండా, బలం తగ్గిస్తూ, రోజు మార్చి రోజు రాయిస్తూ, మధ్యలో మాయిశ్చరైజర్‌తో కొన్ని వారాల్లో మాన్పించే పద్ధతి డాక్టర్లకు తెలుసు. మంట మొదటి రెండు వారాలు భరించలేనట్టు ఉంటుంది, పాత ట్యూబు వైపు చేయి లాగుతుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న ట్యూబు, అట్టపెట్టెతో సహా తీసుకెళ్లాలి. తెల్లక్రీము అని చెబితే ఎవరికీ ఏమీ తెలియదు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసున్న మోమెటసోనో, క్లోబెటసోలో చదివితేనే ఎన్ని వారాల్లో మాన్పించాలో తేల్చగలరు.